నర్సింహమ్మ గుండీల దారం

నాకు కోపం తొందరగా వస్తుంది. చిక్కడపల్లిలో మా లాండ్రీ ఉన్న సందులో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ఎదురుగా పాల బూత్ ఆయన కూడా పొద్దున పదింటి దాకా నన్ను పలకరించడు. కోపం దిగాక మెత్తబడతానని మా ఆవిడ సులోచన అంటుంది గానీ, అప్పటికే నోరు చేయాల్సిన పని చేసేసి ఉంటుంది. మొన్న వానాకాలంలో అలాగే ఒక మనిషి బతుకు మీదికి తెచ్చాను. ఆ మనిషి నర్సింహమ్మ.

ఆమెది పాలమూరు జిల్లా, మద్దూరు దగ్గర ఊరు. పెళ్లయిన ఏడాదే పనులు లేక భర్త ఈదయ్యతో కలిసి హైదరాబాదు వచ్చింది. విద్యానగర్‌లో, అశోక్‌నగర్‌లో ఇప్పుడు మనం లిఫ్టులో ఎక్కి దిగుతున్న అపార్ట్‌మెంట్లు కొన్ని ఆమె తలమీది తట్టలతో లేచినవే. ఎప్పుడైనా బట్టల మూటలు ఆటోలో వేసుకుని ఇద్దరం ఆ దారిన పోతే, ఒక బిల్డింగు వైపు చేయి చూపిస్తుంది. "గీ మూడో స్లాబు మేమే ఏసినం సారూ. ఆ దినం ఒకటే వాన." గొప్ప కోసం చెప్పే మాట కాదది. మనం చదువుకున్న బడిని చూపించినట్టు చూపిస్తుంది.

ఒకసారి తడి మెట్ల మీద జారి కుడి మోకాలు పాడుచేసుకుంది. ఇక తట్ట ఎత్తలేకపోయింది. ఈదయ్య కవాడిగూడలో ఒక గోదాముకి కాపలా ఉంటాడు, ఆ వెనక బస్తీలోనే వాళ్ల ఇల్లు. మా దగ్గర పనికి కుదిరి ఏడేళ్లయింది. కుదిరేటప్పుడు నేనే అడిగాను, "చదువొస్తదా?" అని. "రాదు సారూ. యాది మస్తుంటది" అంది.

జ్ఞాపకం నిజంగానే మస్తుగా ఉంది. నేను బట్టలకు కాగితం చీటీ మీద నంబరు రాసి పిన్ను కొడతాను. ఆమె పక్కనే ఒక రంగు దారం ముడి వేస్తుంది. ఫలానా ఇంటికి పచ్చ దారం, ఫలానా వాళ్లకు పసుపు, రెండు ముళ్లు. ఈ ఏడేళ్లలో నా నంబర్లు రెండు సార్లు తప్పాయి. ఒకసారి అయితే ఒక వకీలు గారి నల్లకోటు పెళ్లి బట్టల మూటలో పోయింది. నర్సింహమ్మ దారాలు ఒక్కసారి కూడా తప్పలేదు.

కూలికి పోయిన రోజుల్లో తను ఎన్ని తట్టలు మోసిందో మేస్త్రీ తక్కువ చెప్తాడని, తట్టకొక చిన్న రాయి పక్కన కుప్ప పెట్టుకునేదట. సాయంత్రం ఆ కుప్ప చూపిస్తే మేస్త్రీ నోరు మూసుకునేవాడట. ఈ సంగతి ఎప్పుడో మాటల్లో చెప్పింది. నేను విని మరిచిపోయాను.

మా లాండ్రీలో బట్టలారబెట్టే డ్రయర్ మెషీన్ ఒకటి ఉంది. తడి బట్టలు వేసి తలుపు మూస్తే లోపల డ్రమ్ము తిరుగుతూ వేడిగాలి కొడుతుంది. బట్టలు ఆరాయని తనకు తెలియగానే తనే ఆగి టింగుమంటుంది. దానికి నర్సింహమ్మ పెట్టుకున్న పేరు 'ఎండ'. "హాస్టల్ బట్టలు ఎండల ఏసిన సారూ" అంటుంది. బయట కుండపోత వాన పడుతుంటే ఆ మాట విన్న కొత్తవాళ్లు తెల్లబోతారు.

జూన్ చివర్లో ఆ ఎండకు రోగం పట్టుకుంది.

యాభై నిమిషాలు తిరగాల్సింది, ఇరవైకే ఆగిపోయి పని అంతా చేసేసినట్టు టింగుమనేది. తలుపు తీస్తే బట్టలు తడితడిగానే ఉండేవి. మళ్లీ మూసి నొక్కితే ఐదు నిమిషాలకే ఇంకో టింగు. ఒక్కోరోజు ఏ గోలా లేకుండా తిరిగేది, ఒక్కోరోజు ఏ బట్టలు వేసినా మధ్యలోనే ఆగేది. నా తల ప్రాణం తోకకొచ్చింది.

మాకు సగం పని అశోక్‌నగర్‌లోని ఒక ఆడపిల్లల హాస్టల్ నుంచే వస్తుంది. గవర్నమెంటు ఉద్యోగాల పరీక్షలకు చదివే అరవై మంది అమ్మాయిలు ఉంటారు అందులో. నడిపేది ఉదయశ్రీ గారని ఒకావిడ, మాట మెత్తన, పట్టు గట్టి. ఒకరోజు స్వయంగా షాపుకొచ్చి ఒక చున్నీ తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. "చూడున్రి ఇంద్రసేన గారూ, ముక్కిన వాసన. పిల్లలు గివి ఏసుకొని లైబ్రరీల ఎట్ల కూసుంటరు? నెలాఖరు దాక చూస్త. తర్వాత ముషీరాబాద్‌ల ఇంకొకరికి ఇచ్చుకుంట. ఏమనుకోవద్దు."

ఏమనుకోవద్దంటే ఎలా? ఆ హాస్టల్ పోతే లాండ్రీలో నేనొక్కడినే చాలు. ఇంకో మనిషి అక్కర్లేదు.

మెకానిక్ ఎల్లేష్‌ని పిలిచాను. మంచి పనిమంతుడు, కాకపోతే సోమవారం తప్ప దొరకడు, మిగతా రోజులు వేరే షాపులకు ఒప్పుకున్నాడు. మొదటి సోమవారం వచ్చి బెల్టు మార్చాడు. మెషీన్ చక్కగా తిరిగింది. మంగళవారం సాయంత్రానికి మళ్లీ మొదలు. రెండో సోమవారం తలుపు దగ్గర స్విచ్చి మార్చాడు. ఆ రోజూ చక్కగా తిరిగింది, మర్నాడు మళ్లీ అదే కథ. మూడో సోమవారం గాలి పోయే గొట్టం విప్పి చూసి, దుమ్ము పట్టే జాలీ బయటికి తీసి, "ఇంత సాఫ్‌గ ఎక్కడ చూడలే అన్న" అన్నాడు. నర్సింహమ్మ ప్రతిసారీ దులిపి పెడుతుంది మరి. నాలుగు సార్లు బట్టలు వేసి చూశాడు. నాలుగు సార్లూ పూర్తిగా తిరిగింది. మనిషిని చూసి నటించే మెషీన్ ఉంటుందని అప్పుడే తెలిసింది నాకు.

ఎల్లేష్ నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "మెషీన్ల ఏం లేదన్న. నేనున్నప్పుడు ఆగుతలేదు గద. మధ్యల ఎవరన్న డోర్ తీస్తున్నరేమో అడుగు."

మెషీన్ దగ్గర ఉండేది ఒక్కరే. నేను నేరుగా లోపలికి వెళ్లి నర్సింహమ్మ మీద అరిచాను.

"నేను తియ్యలే సారూ" అంది.

"మరి ఎవరు తీసిన్రు? దయ్యం తీసిందా? నేనొచ్చి తీసిన్నా?"

"ఎవలు తియ్యలే. అదే ఆగుతున్నది."

"రెండు వారాలు చూస్త. గిట్లనే ఆగిందంటే ఒకటో తారీఖు కెల్లి వేరే మనిషిని పెట్టుకుంట. చెప్తున్న ఇప్పుడే."

బట్టల జేబుల్లోంచి, చొక్కాల నుంచి ఊడిన గుండీలు, కొక్కేలు వేసే పాత బిస్కెట్ డబ్బా ఒకటి అలమారాలో ఉంటుంది. ఆమె దాన్ని తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను బెదిరిస్తుంటే గుండీలు ఏరుకుంటున్నదేమిటని ఇంకో నాలుగు మాటలు అన్నాను.

రెండు వారాలు గడిచాయి. మెషీన్ అలాగే ఆగుతూనే ఉంది. శుక్రవారం సాయంత్రం నేను ఆమె ముందే ఫోనులో ఇంకొక మనిషితో మాట్లాడి ఒకటో తారీఖుకు రమ్మన్నాను. ఆమె విన్నది. చెప్పులేసుకుని, "పోయొస్త సారూ" అని రోజూ చెప్పినట్టే చెప్పి వెళ్లింది.

శనివారం ఏడున్నరకు రావాల్సింది, పది దాటాక వచ్చింది. ఏడేళ్లలో మొదటిసారి ఆలస్యం. చీర అంచుకు ఎర్ర బురద ఉంది. నేను అప్పటికి రెండున్నర గంటలుగా పళ్లు నూరుతున్నాను, గడపలోనే అందుకున్నాను. ఆమె పట్టించుకోలేదు. కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని వచ్చి, అలమారా వెనక నుంచి ఒక పొడుగాటి దారం తీసి ఇస్త్రీ బల్ల మీద పరిచింది.

దారం నిండా గుండీలు. పూలు గుచ్చినట్టు ఒకదాని పక్కన ఒకటి, డెబ్బై పైనే ఉంటాయి.

"గిదేంది?"

"రెండు వారాల సంది ఎండల ఏసినయి సారూ. ఒక్కసారి బట్టలేస్తే ఒక గుండీ. తెల్లది హాస్టల్ పిల్లలది. నల్లది ప్యాంట్లు. గీ పెద్ద కోటు గుండీ దుప్పట్లు. గీ కొక్కెం సులోచన మేడం వాళ్ల గంజి చీరలు. ఆదివారం వస్తే ఎర్ర దారం కట్టిన. యాడాడ మెషీను మధ్యల ఆగిందో ఆడ ముడేసిన."

నేను కుర్చీ లాక్కున్నాను. కోపం ఎటు పోయిందో తెలీదు. చదువుకున్నవాణ్ని కదా, ముళ్లు లెక్కబెట్టడం మొదలుపెట్టాను. తెల్ల గుండీలకే ఎక్కువ ముళ్లున్నాయి. "చూడు, హాస్టల్ బట్టలకే ఆగుతున్నది. వాళ్ల బట్టలల్లనే ఏదో ఉన్నది" అన్నాను, పెద్ద కనిపెట్టినవాడిలా.

"తెల్లయి ఎక్కువేసినం కాబట్టి ముళ్లు ఎక్కువున్నయి సారూ."

నాలుక కరుచుకున్నాను.

"దేనికి ముడి పడ్డదని నేను గూడ ఎన్నో దినాలు చూసిన. అన్నిటికి పడ్డయి. ఒక్క కొక్కేనికే పడలే." ఆమె వేలు దారం మీద వెనక్కి జరిపింది. "రాత్రి నిద్ర పట్టక యాది చేసుకున్న. ముడి దేనికున్నదో గాదు, ముడికి ముందల ఏమున్నదో చూడాలె."

వేలు ఆగిన చోట కొక్కెం ఉంది. దాని తర్వాత వరసగా ముళ్లు. రెండు రోజులు పోయేసరికి పలచబడ్డాయి. మళ్లీ ఒక కొక్కెం, మళ్లీ వెంటనే ముళ్లు. ఎర్ర దారం తర్వాత కొన్ని గుండీల దాకా, అంటే సోమవారమంతా, ఒక్క ముడి లేదు. దారం పొడుగునా నాలుగు కొక్కేలు, నాలుగు చోట్లా అదే వరస. గంజి చీరలు మంగళవారం, శుక్రవారం వస్తాయి. అవి మాత్రం చక్కగా ఆరేవి, అందుకే వాటి మీద ఎవరికీ అనుమానం రాలేదు.

"మరి సోమవారం ఎందుకు ఆగదు?" అడిగాను. అడిగేటప్పుడు నా గొంతు నాకే మెత్తగా వినిపించింది.

"వారానికొక్కసారి, సోమవారం పొద్దుగాల్నే డ్రమ్ము లోపల, తలుపు అంచు దాక తడిగుడ్డతోని తుడుస్త గద."

ఎల్లేష్ వచ్చేదీ ఆ తుడిచిన తర్వాతే.

నర్సింహమ్మ మోకాలు పట్టుకుని మెల్లగా మెషీన్ ముందు కూర్చుని, తల లోపలికి పెట్టి చేత్తో తడమడం మొదలుపెట్టింది. గోడలు తడిమింది, తలుపు రబ్బరు తడిమింది. తలుపుకు కింది అంచులో, లోపలి వైపు, జానెడు పొడుగు స్టీలు పట్టీలు రెండున్నాయి. అక్కడ చేయి ఆగింది.

"సారూ, ఇటు రా. ఏలు పెట్టు."

పెట్టాను. స్టీలు నున్నగా ఉండాలి కదా, సన్నగా గరుకు తగిలింది. ఆమె కుళాయి నీళ్లలో వేలు ముంచి ఆ పట్టీ మీద రుద్ది, రెండు వేళ్ల మధ్య నలిపి చూపించింది. సాగుతోంది. వాసన చూసింది.

"గంజే" అంది.

వేడినీళ్లు కాచాం. ఆమె లోపల తుడుస్తుంటే నేను గుడ్డ పిండి ఇచ్చాను. మూడు సార్లు తుడిచి, పొడిగుడ్డతో అద్దం తుడిచినట్టు తుడిచాక ఆ పట్టీలు మెరిశాయి. అప్పటికే ఉతికి పిండి సిద్ధంగా ఉన్న హాస్టల్ బట్టలు వేసి తలుపు మూశాను. ఇద్దరం రెండు స్టూళ్లు వేసుకుని దాని ఎదురుగా కూర్చున్నాం.

పది నిమిషాలు. పదిహేను. ఇరవై దగ్గర పడుతుంటే నేను స్టూలు ముందుకు జరుపుకున్నాను. నర్సింహమ్మ కళ్లు మూసుకుని వింటోంది. ఇరవై దాటింది, ఆగలేదు. ముప్పై దాటింది. పాల బూత్ ఆయన ఏదో అడగడానికి వస్తే చేత్తో పొమ్మన్నాను. యాభై రెండో నిమిషంలో టింగుమంది.

తలుపు తీయగానే పొడి వేడిగాలి మొహానికి కొట్టింది. నర్సింహమ్మ ఒక చున్నీ తీసి చెంపకు ఆనించుకుంది. తర్వాత నా చెంపకూ ఆనించింది. కరకరలాడుతోంది. నవ్వొచ్చింది, గట్టిగానే నవ్వాను. ఆమె కూడా నవ్వింది.

ఎల్లేష్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టి అంతా చెప్పాను. అతను అన్నాడు, "అయ్యో అన్న. గా రెండు పట్టీలే దానికి చేతులు. తడి బట్ట రెండిటికి తాకితేనే ఇంకా తడున్నదని దానికి ఎర్క. పైన గంజి ఎండి పొర కట్టిందంటే బట్ట తాకిన తెలుస్తలేదు, ఆరినయనుకొని ఆపుతున్నది. నాకు తట్టనే లేదు. అసలు గంజి చీరలు డ్రయర్ల ఎవరేసిన్రన్న?"

నర్సింహమ్మ వెంటనే మొహం అటు తిప్పుకుని బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. మా ఆవిడ నారాయణగూడలో ఒక స్కూల్లో టీచరు. ఆమెవీ, ఆమె తోటి టీచర్లవీ కాటన్ చీరలు సగ్గుబియ్యం గంజి పెట్టి ఇన్నేళ్లూ షాపు మేడ మీదే ఆరేసేవాళ్లం. ఈ ఎండాకాలంలో బిల్డింగు ఓనరు మేడ మీద రెండు గదులు వేసి కిరాయికి ఇచ్చాడు. ఆరేసే జాగా పోయింది. వానలు మొదలైన మొదటి వారం నర్సింహమ్మ తడి చీరలు చేతిలో పట్టుకుని వచ్చి, "గంజివి సారూ, యాడ ఏద్దు?" అని అడిగింది. "అంత పెద్ద మెషీనున్నది, కనిపిస్తలేదా? దాంట్లెయ్యి!" అన్నాను. పొద్దున పది లోపలి మాట.

ఆమెకు గుర్తుంది. యాది మస్తుంటదని మొదటి రోజే చెప్పింది. దారం మీద ఆ కొక్కేలు చూసినప్పుడే నా మాటా గుర్తొచ్చి ఉంటుంది. ఒక్క ముక్క అనలేదు.

"నేనే ఏయమన్న ఎల్లేష్" అన్నాను.

"పెద్దమ్మ ఉన్నదా అన్న ఆడ? పెద్దమ్మా, తప్పయింది. డోర్ తీస్తున్నవని నేనే చెప్పిన."

"ఏం గాదు బిడ్డా. నీ పని నువ్వు చేసినవు" అంది ఆమె, మడత ఆపకుండా.

ఫోన్ పెట్టేశాక నాకు ఆమె వైపు చూడ్డానికి మొహం చెల్లలేదు. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "పొద్దుగాల లేటెందుకైంది?" అని అడిగాను. గద్దించినట్టు కాదు, మామూలుగానే.

"అడ్డ మీదికి పోయిన సారూ."

పొద్దున్నే కూలీలు వరసగా నిలబడితే మేస్త్రీలు వచ్చి ఏరుకుపోయే చోటది. పదిహేనేళ్లు ఆమె నిలబడిన చోటే.

"ఒకటో తారీఖు కెల్లి ఏదన్న చూసుకోవాలె గద. చేస్తనో లేదో చూద్దామని పోయిన. ఒక మేస్త్రీ నడిచి చూపియ్యమన్నడు. నడిచిన." చున్నీ అంచులు కలిపి గట్టిగా సాపు చేసింది. "'ఇంటికి పో అవ్వా' అన్నడు. మంచిగనే అన్నడు. తర్వాత ఇంకిద్దరు నా దిక్కే చూడలే. ఎండ ముదిరినంక ఇటొచ్చిన."

మూడు గంటలు. ఆ మోకాలితో ఆ బురదలో మూడు గంటలు నిలబడి, ఎవరూ వద్దన్నాక నా షాపుకొచ్చి, నా తిట్లు తిని, కాళ్లు కడుక్కుని, నా మెషీన్ బాగుచేసింది.

ఫోన్ మళ్లీ తీశాను. ఒకటో తారీఖుకు రమ్మన్న మనిషికి చేశాను. స్పీకర్ పెట్టి, నర్సింహమ్మ ముందు బల్ల మీద ఉంచి చెప్పాను. "నువ్వు రావొద్దు తమ్మీ. మాకు మనిషున్నది. ఎప్పటికీ ఉంటది." అవతల అతను సరేనన్నాడు.

నర్సింహమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఇగ అడ్డ మీద నిలబడ సారూ" అంది. నాతో అన్నదో తనకు తాను అనుకున్నదో తెలీదు.

"నిలబడొద్దు" అన్నాను.

సాయంత్రం హాస్టల్ బట్టలు నేనే తీసుకెళ్లాను. ఉదయశ్రీ గారు పై చున్నీ ఎత్తి వాసన చూసి, ఇంకొకటి చూసి, "ఏం చేసిన్రు?" అని అడిగింది. "మా నర్సింహమ్మ బాగు చేసింది" అని చెప్పాను. ముషీరాబాద్ మాట మళ్లీ ఎత్తలేదు ఆవిడ.

ఆ గుండీల దారం షాపులో గోడకు తగిలిద్దామన్నాను. నర్సింహమ్మ ఒప్పుకోలేదు. గోడకు తగిలిస్తే గుండీలు ఎట్ల అక్కరకొస్తయని కత్తెర తీసుకుంది. ఊడిన గుండీలు కుట్టాల్సిన చొక్కాలు నాలుగు అప్పటికే పక్కన పెట్టి ఉన్నాయి. కొక్కేలు నాలుగు మాత్రం నేను అడిగి తీసుకున్నాను. కౌంటరు మీద, నాకు ఎదురుగా, చిన్న గిన్నెలో ఉంటాయి.

గంజి చీరలు ఇప్పుడు డ్రయర్‌లో వేయడం లేదు. మంగళవారం, శుక్రవారం నేనే మోసుకుపోయి, నారాయణగూడలో మా ఇంటి మీద రేకుల కింద ఆరేస్తున్నాను. అంచులు సరిగా కలపలేదని సులోచన వంకలు పెడుతుంది. వాన వస్తే పరిగెత్తి తీస్తాను. మొన్న అలా తడిసి ముద్దయి షాపుకొస్తే నర్సింహమ్మ నన్ను కింది నుంచి పై దాకా చూసి, మెషీన్ తలుపు తీసి పట్టుకుంది.

"దా సారూ. నిన్ను గూడ జర ఎండల ఏస్త."

టైము పొద్దున తొమ్మిదిన్నర, పది కాలేదింకా. అయినా నాకు కోపం రాలేదు.